పాలమూరులో మూడు రోజుల భద్రతా శిక్షణ: హక్కుల కార్యకర్తలు వెళ్లదగినదేనా?

మహబూబ్‌నగర్ శివార్లలో ఒక స్వచ్ఛంద సంస్థ హక్కుల కార్యకర్తల కోసం నిర్వహించిన మూడు రోజుల శిక్షణకు ఈ ఎండాకాలం మొదట్లో హాజరయ్యాను. అడ్వాన్సు తీసుకుని ఇటుక బట్టీలకు వెళ్లి చిక్కుకుపోయిన పాలమూరు కూలీల తరఫున తిరిగేవాళ్లు, సమాచార హక్కు దరఖాస్తులు పెట్టేవాళ్లు, కులాంతర వివాహం చేసుకున్న జంటలకు తోడుగా నిలిచేవాళ్లు కలిపి ఇరవై మందికి పైగా వచ్చారు. భోజనం, వసతి ఉచితం. బస్సు చార్జీలు కూడా ఇచ్చారు. తర్వాతి విడతకు వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్న మిత్రుల కోసం నా అనుభవం రాస్తున్నాను.

హక్కుల రక్షకుల గురించి ఐక్యరాజ్యసమితి 1998 డిసెంబర్ 9న ఆమోదించిన ప్రకటనతో మొదటి రోజు పాఠం మొదలైంది. అయితే గదిలో అందరూ ఒక్కసారిగా మౌనంగా అయిపోయింది మాత్రం, 2001 ఫిబ్రవరిలో నల్లగొండలో హత్యకు గురైన పౌరహక్కుల సంఘం నాయకుడు అజం అలీని తలచుకున్నప్పుడే. మనకు తెలిసిన వీధుల్లోనే జరిగిన సంగతి కనుక, భద్రత అనే మాటకు అక్కడున్న ఎవరికీ వేరే వివరణ అవసరం లేకపోయింది.

నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది ఆ మధ్యాహ్నం చేయించిన అభ్యాసం. ఇంటి నుంచి పనిచేసే ఊరిదాకా మన దారిని ఒక చార్టు మీద గీయమన్నారు. ఎక్కడ ఆగుతాం, ఎక్కడ మనల్ని గుర్తుపట్టేవాళ్లు ఉన్నారు, ఎక్కడ ఫోన్ సిగ్నల్ పోతుంది అన్నవి అందులో గుర్తించాలి. దేవరకొండ వైపు తండాల్లో పనిచేసే ఒక అక్క గీసిన చార్టులో ప్రతి మంగళవారం అదే బస్సు, అదే టీ కొట్టు, సాయంత్రం అదే ఆటో ఉన్నాయి. చార్టును కాసేపు చూసి, "నేనెప్పుడు ఎక్కడుంటనో ఊరందరికీ తెలుసు గదా" అన్నది ఆమె. ముప్పు, మన లోటుపాట్లు పెరిగితే ప్రమాదం పెరుగుతుందనీ, మన సత్తా పెరిగితే తగ్గుతుందనీ చెప్పే సూత్రం అప్పటిదాకా మాకు పుస్తకంలో మాటగానే ఉండింది. బయలుదేరేటప్పుడు ఒక ఫోన్, చేరాక ఒక ఫోన్, అనుకున్న సమయం దాటి గంటైతే ఎవరు ఎవరికి చెప్పాలన్నది ముందే రాసిపెట్టుకోవడం అక్కడే నేర్చుకున్నాం. ఆపదలో ఉన్నప్పుడు పక్కవాళ్లకు అనుమానం రాకుండా చెప్పగలిగే మాట కూడా ఒకటి ఎంచుకున్నాం. మా జట్టు "అమ్మ మందులు అయిపోయినయి" అనే మాట పెట్టుకున్నది.

రెండో రోజంతా అలసట గురించే మాట్లాడారు, అందుకు నేను నిర్వాహకులకు కృతజ్ఞుడిని. నిద్రలేని మనిషి వెనకాల వస్తున్న బండిని గమనించడు, ఫోన్ ఎక్కడో మరిచిపోతాడు, బాధితుల మీద విసుక్కుంటాడు కాబట్టి విశ్రాంతి కూడా భద్రతలో భాగమేనని వారు చెప్పిన తీరు నన్ను కదిలించింది. పదిహేనేళ్లుగా ఈ పనిలో ఉన్న నేను సెలవు తీసుకోవడాన్ని బాధితులకు చేసే ద్రోహంగానే భావిస్తూ వచ్చాను. అయితే శిక్షణ తర్వాత మాట్లాడుకోవడానికి ఇచ్చిన కౌన్సెలర్ నంబరు ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకే పనిచేస్తుంది. ఆ వేళల్లో మేము తహసీల్దారు ఆఫీసులోనో కోర్టు వరండాలోనో ఉంటాం. మనసు బరువెక్కేది రాత్రి ఇంటికి చేరాకే. దీన్ని తప్పక మార్చాలి.

చట్టం గురించిన పాఠం చెప్పిన న్యాయవాది 2018 నాటి సాక్షుల రక్షణ పథకాన్ని చక్కగా విడమరిచారు. నేరం గురించి సమాచారం గానీ పత్రం గానీ ఉన్నవారు ఎవరైనా సాక్షి నిర్వచనంలోకి వస్తారని, జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు చేసుకోవచ్చని, పోలీసులు ముప్పు మీద అయిదు పని దినాల్లో నివేదిక ఇవ్వాలని చాలామందికి అప్పుడే తెలిసింది. దరఖాస్తు నమూనా తెలుగులో ఇచ్చి ఉంటే ఇంకా బాగుండేది.

ఫోన్ల పాఠం చివరి రోజు హడావుడిగా గంటన్నరలో ముగిసింది. సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌లో సందేశాలు వాటంతటవే చెరిగిపోయేలా పెట్టుకోవడం అందరికీ వచ్చింది గానీ, వాట్సాప్ చాట్ల బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ (వేరేవాళ్లు చదవలేకుండా చేసే తాళం లాంటిది) విడిగా ఆన్ చేసుకోవాలన్న విషయం దగ్గర సగం మంది ఆగిపోయారు. దీనికి ఒక పూట పూర్తిగా కేటాయించాలి.

నన్ను నిజంగా బాధించింది హాజరు రిజిస్టరు. మా పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు, పనిచేసే సంఘాలు అన్నీ ఉన్న ఆ పుస్తకం రెండు రోజులు గుమ్మం పక్క బల్ల మీద తెరిచే ఉంది. క్యాంటీన్ కుర్రవాడి నుంచి నీళ్ల క్యాన్లు దించే డ్రైవర్ దాకా ఎవరైనా చూడవచ్చు. మూడో రోజు పొద్దున ఈ సంగతి చెబితే నిర్వాహకురాలు సాకులు చెప్పకుండా తప్పు ఒప్పుకుని, ఆ పేజీలు చింపి ఎవరి వివరాలు వాళ్ల చేతికే ఇచ్చారు. తర్వాతి విడత నుంచి సంతకం, జిల్లా పేరు మాత్రమే తీసుకుంటామన్నారు. ఆ మాట మీద నమ్మకంతోనే మా సంఘం నుంచి ఇద్దరు ఆడపిల్లల పేర్లు ఇచ్చి వచ్చాను.