బల్గేరియన్ మొదలుపెట్టాలంటే ఇంగ్లీషు అక్షరాలా, తెలుగు అక్షరాలా, సిరిలిక్ లిపా: ఏది మేలు?

మెడిసిన్ చదవడానికి బల్గేరియాలోని సోఫియాకో, వర్నాకో, ప్లెవెన్‌కో వెళ్లే పిల్లలకి అక్కడి సిరిలిక్ లిపి చూడగానే టెన్షన్. ముందు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని మాట్లాడ్డం నేర్చుకుందాం, లిపి తర్వాత చూసుకోవచ్చు అనిపిస్తుంది. క్లాసులు ఇంగ్లీషులో జరిగినా, ఆసుపత్రిలో పేషెంటు నొప్పి ఎక్కడో చెప్పేది బల్గేరియన్‌లోనే. అందుకే ఈ ఎంపిక చిన్న విషయం కాదు.

ఇంగ్లీషు అక్షరాలతో మొదటి రోజు హాయిగా గడుస్తుంది. బల్గేరియా వాళ్లు కూడా చాటింగ్‌లో అలా కొడతారు, దానికి ష్ల్యోకవిత్స అని పేరు. 'చ'కి బదులు 4, 'ష'కి బదులు 6 వేస్తారు, నాలుగుని చెతిరి, ఆరుని షెస్త్ అంటారు కాబట్టి. కానీ వాళ్లకి భాష ముందే వచ్చు. మనకి రాదు కాబట్టి చిక్కంతా మనకే. "నేను ఒంటరిగా ఉన్నాను" అని ఒక అబ్బాయి చెప్పాలంటే "అజ్ సమ్ సామ్" అంటాడు. సమ్ అంటే ఉన్నాను, సామ్ అంటే ఒంటరి. బల్గేరియా ప్రభుత్వ పద్ధతి ప్రకారం ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే రెండింటికీ ఒకటే స్పెల్లింగ్: ఎస్, ఏ, ఎమ్. వాట్సాప్‌లో మన 'పడు', 'పాడు' ఒకేలా అయిపోయినట్టే.

ఇక్కడ తెలుగు లిపి చాలా నయం. సమ్, సామ్‌లలో ఉన్న 'అ', 'ఆ' తేడా మన కంటికి వెంటనే తెలుస్తుంది. వాళ్ల త, ద మనవే. 'చలి'లో మొదట పలికే శబ్దానికి వాళ్లకి ప్రత్యేకంగా ఒక అక్షరమే ఉంది. ఇంగ్లీషు జెడ్ శబ్దానికీ, 'మెజర్' మాట మధ్యలో వచ్చే శబ్దానికీ మాత్రం మనం 'జ' రాసి కలిపేస్తాం. పైగా వీధిలో బోర్డులు తెలుగులో ఉండవు కదా.

సిరిలిక్‌లో ఉన్నవి 30 అక్షరాలు. గుణింతాలూ వత్తులూ నేర్చిన వాళ్లకి అదెంత! తెలిసినట్టు కనిపించే అక్షరాల దగ్గరే జాగ్రత్త. హోటల్ బోర్డు మీద పి, ఈ, సి, టి, ఓ, పి, ఏ, హెచ్, టి ఉన్నట్టు కనిపిస్తుంది. చదవాల్సింది 'రెస్తోరాంత్'. పి అనుకున్నది ర, సి అనుకున్నది స, హెచ్ అనుకున్నది న. రష్యన్ చార్టు చూసి మాత్రం నేర్చుకోకండి. అందులో 33 అక్షరాలు, పైగా బల్గేరియన్‌లో 'అ' పలికే అక్షరానికి రష్యన్‌లో శబ్దమే లేదు.

నా మాట అడిగితే, మొదటి రోజు నుంచే సిరిలిక్ రాయండి, కొన్ని వారాలు పక్కన పెన్సిల్‌తో తెలుగు ఉచ్చారణ పెట్టుకోండి. ఏటా మే 24న తమ లిపి పేరున సెలవు తీసుకునే జనం వాళ్లు. నాలుగు మాటలు వాళ్ల అక్షరాల్లో రాసి చూపించండి, ఎంత సంతోషిస్తారో!

మూడు లిపుల్లోనూ కనిపించనిది ఒకటుంది. 'వల్న'లో మొదటి అచ్చు నొక్కి పలికితే ఉన్ని, చివరిది నొక్కితే సముద్రపు అల. కొత్త మాట రాసుకున్న ప్రతిసారీ టీచర్‌తో పలికించుకుని, నొక్కిన అచ్చు మీద చిన్న గీత పెట్టుకోండి.