900కె బస్సుకి నాలుగు స్టార్లు, దిగాక రోడ్డు దాటడానికి ఒక్కటే

స్కూటర్ ఇంట్లో పెట్టేసి నెల రోజులుగా సాగర్‌నగర్ నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి 900కెలోనే వెళ్లొస్తున్నాను. రైల్వేస్టేషన్‌కీ భీమిలికీ మధ్య తిరిగే బస్సు ఇది, వైజాగ్ వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. పొద్దున సిటీ వైపు వెళ్లేటప్పుడు సీటు దొరుకుతుంది, ఎడమ పక్కన కూర్చుంటే కిటికీలోంచి సముద్రం కనిపిస్తూనే ఉంటుంది, ఆఫీసుకి చేరేసరికి హెల్మెట్ చెమట లేదు, పార్కింగ్ టెన్షన్ లేదు. సాయంత్రం మాత్రం నిలబడాల్సిందే, రుషికొండ, గీతం యూనివర్సిటీ దాకా వెళ్లే పిల్లలతో బస్సు నిండిపోతుంది. కండక్టర్లు మంచివాళ్లు. మా అమ్మ ఎక్కుతుంటే ఒకాయన "నెమ్మదిగా అమ్మా, తొందరేటి లేదు" అని ఆవిడ కూర్చునేదాకా విజిల్ వేయలేదు.

అమ్మ ఎక్కడానికి ఇబ్బంది పడింది మెట్టు ఎత్తు వల్ల అనుకున్నాను మొదట్లో. రోజూ చూస్తే అర్థమైంది, స్టాపులో ఆటోలు, కార్లు ఆగి ఉంటాయి కాబట్టి డ్రైవర్ బస్సుని అంచుకి తేలేడు, రోడ్డు మధ్యలో ఆపుతాడు, మనం ఫుట్‌పాత్ మీంచి కాకుండా కింద రోడ్డు మీంచి ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఆ అరడుగు తేడా చాలా పెద్దది. ఇక ఫుట్‌పాత్ సంగతి. నడవడానికి కనీసం 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలని, ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదని మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో రాసిపెట్టింది. మా ఇంటి నుంచి స్టాపుకి నడిచే దారిలో ఒకచోట స్తంభం, ఒకచోట ఇసుక కుప్ప, ఆ తర్వాత ఫుట్‌పాతే లేదు.

పోయిన ఆదివారం భీమిలిలో పిన్ని ఇంటికి వెళ్లి చీకటి పడే వేళకి తిరిగొచ్చాం. భీమిలి నుంచి వచ్చే బస్సు సముద్రం వైపు దింపుతుంది, మా ఇల్లు కొండ వైపు. రుషికొండ నుంచి తిరిగెళ్లే కార్లు ఒకదాని వెనక ఒకటి, జీబ్రా గీతలు లేవు, సిగ్నల్ లేదు, ఎవరూ వేగం తగ్గించరు. జనం, బళ్లు కలిసి తిరిగే చోట గంటకి 30 కిలోమీటర్లు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది సరిగ్గా ఇలాంటి చోటు గురించే. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని రెండుసార్లు ముందుకి అడుగేసి వెనక్కి వచ్చేసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. డివైడర్ దగ్గరికి చేరాక అక్కడ మళ్లీ నిలబడ్డాం, పక్కనే బళ్లు దూసుకుపోతున్నాయి.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకి ఈ బస్సుల్లో టికెట్ ఉచితం. అమ్మకి ఎంత సంతోషమో, ఎవరినీ అడక్కుండా తిరగొచ్చని. కానీ ఆ రాత్రి ఇంటికొచ్చాక "ఇంక ఆటోలోనే వెళ్దాంలే, నాకు ఆ రోడ్డు దాటడం వద్దు" అంది. ఉచిత బస్సు వదులుకుని డబ్బులు పెట్టి ఆటో ఎక్కుతానంటోంది, రోడ్డు దాటలేక!

మా తమ్ముడిదీ అదే కథ. కాలేజీకి వెళ్లడానికని సైకిల్ కొన్నాడు, కానీ తొక్కేది తెల్లవారుజామున ఆర్కే బీచ్ దగ్గర రోడ్డు మీదకి బళ్లని రానివ్వని కాసేపే. ఆ వేళకి వెళ్లి చూడండి, పిల్లలు, ముసలివాళ్లు, సైకిళ్లు ఎంతమంది ఉంటారో. ఈ ఊరి జనానికి నడవడం ఇష్టమే.

ఈ రోడ్డు ఎవరి చేతిలో ఉందో వాళ్లని అడిగేది మూడే. స్టాపు దగ్గర బళ్లు ఆపనివ్వకండి, స్టాపుకి ఎదురుగా ఎత్తుగా ఉండే జీబ్రా క్రాసింగ్ కట్టండి, దానిమీద లైటు పెట్టండి. దీనికి ఫ్లైఓవర్లు అక్కర్లేదు.

వచ్చే ఆదివారం అమ్మ మళ్లీ భీమిలి వెళ్లాలి. ఆటో మాట్లాడాను.