షూమాన్ పాటలా, బాఖ్ ఆర్గనా: తొలి టికెట్ దేనికి?

యూరప్‌లో ఉంటూ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నేరుగా వినాలనుకునే మనవాళ్లకు తరచూ వినిపించే సలహా: “జర్మన్ రాదుగా, పాటలు వదిలేసి ఆర్గన్ (గొట్టాల్లోకి గాలి పంపి మోగించే చర్చి వాద్యం) కచేరీకి వెళ్లండి.” సలహా మంచిదే, చెప్పే కారణమే సరికాదు.

భాష పెద్ద అడ్డంకి కాదు. జర్మన్ స్వరకర్త షూమాన్ పాటల మాల ‘డిష్టర్‌లీబె’ (1840)లో ఉన్నవి కవి హైనె రాసిన 16 చిన్న కవితలు. పాడితే అరగంట. ఇంగ్లిష్ అనువాదం ఇంట్లోనే ఒకసారి చదువుకుని వెళితే చాలు. హాల్లో కాగితం ముందు పెట్టుకుంటే గాయకుడి మొహం చూడలేం, పేజీ తిప్పే చప్పుడు పక్కవాళ్లకు చిరాకు. మొదటి పాట షడ్జమం మీద వాలకుండా గాల్లోనే ఆగిపోతుంది. పియానో ఆ అసంపూర్తిని అలాగే వదిలి రెండో పాటలోకి వెళుతుంది. కీర్తనకోసారి చప్పట్లు కొట్టే అలవాటుతో అక్కడ కొట్టారో, అంతా చెడింది. చివర్లోనూ గొంతు ఆగాక పియానో ఒక్కటే చాలాసేపు సాగుతుంది. పియానిస్టు చేతులు దించేదాకా ఆగాలి.

మరో స్వరకర్త షూబర్ట్ పాటల మాల ‘వింటర్‌రైజె’ (1827) మాత్రం మొదటే వద్దు. 24 పాటలు, డెబ్బై నిమిషాల పైమాటే, సాధారణంగా విరామం ఉండదు, దాదాపు అంతా విషాదం.

ఈ పాటలకు మైకు ఉండదు కాబట్టి హాలు చిన్నదై ఉండాలి. సుమారు 550 సీట్ల లండన్ విగ్‌మోర్ హాల్ లాంటిదైతే మాట తేటగా వినిపిస్తుంది. రెండువేల సీట్ల హాల్లో వెనక కూర్చుంటే హల్లులు మాయమవుతాయి. ఒకటి ఒప్పుకోవాలి, మంచి హెడ్‌ఫోన్స్ ఉంటే ఈ పాటల్లో చాలాభాగం ఇంట్లోనే దొరుకుతుంది.

ఆర్గన్ అలా దొరకదు. పెడల్స్‌తో మోగే 16 అడుగుల గొట్టం అట్టడుగు స్వరం సుమారు 33 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ దాన్ని పలికించలేదు. చర్చిలో అది కూర్చున్న బెంచీలోంచి ఒంటికి తెలుస్తుంది. తొలి టికెట్ ఇటు పెట్టమనడానికి అసలు కారణం ఇది.

బాఖ్ పేరుతో అందరికీ తెలిసిన డి మైనర్ టొకాటా కంటే ఆయన సి మైనర్ పాసకాలియా (ఒకే వరస మళ్లీ మళ్లీ వచ్చే రచన; బాఖ్ రచనల జాబితాలో బీడబ్ల్యూవీ 582) ఉన్న కచేరీ వెతకండి. ఎనిమిది బార్ల (ఆవర్తాల్లాంటి కొలతల) వరసను మొదట పాదాలతో ఒంటరిగా వాయిస్తారు. అక్కడే దాన్ని పట్టుకుంటే తర్వాతి 20 వేరియేషన్లలో (అదే వరస మీద అల్లిన మార్పుల్లో) ఎక్కడుందో వెతుక్కోవచ్చు. మధ్యలో అది కింది నుంచి పైగొంతుకు ఎక్కుతుంది కూడా. ఆ వెంటనే ఫ్యూగ్, అంటే ఒకే వరసను గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునే అల్లిక.

తేడా కొట్టేది ప్రతిధ్వనితో. పెద్ద రాతి చర్చిలో శబ్దం అణగడానికి నాలుగైదు సెకన్లు పట్టవచ్చు, వేగమైన ఫ్యూగ్ అలుక్కుపోతుంది. ఆర్గన్ తరచూ మన వెనక, పడమటి గోడ బాల్కనీలో ఉంటుంది. సరిగ్గా దాని కింద కూర్చుంటే శబ్దం తలమీదుగా పోతుంది, మరీ ముందుకు వెళితే ప్రతిధ్వనే మిగులుతుంది. చర్చి మధ్యలో కూర్చోండి. చర్చి మరీ పెద్దదై, కార్యక్రమమంతా ఫ్యూగులే అయితే ఆ వారానికి షూమానే నయం.

జర్మనీలో లైప్‌జిగ్‌లోని, బాఖ్ పనిచేసిన టోమాస్ చర్చికి వెళ్లేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. అక్కడ ఆర్గన్లు రెండు: పడమటి బాల్కనీలో 1889లో జావర్ కట్టిన, 19వ శతాబ్దపు రొమాంటిక్ శైలి ఆర్గన్, ఉత్తరపు బాల్కనీలో బాఖ్ సంగీతం కోసమే 2000లో వ్యోల్ కట్టిన ఆర్గన్. పాసకాలియా రెండోదాని మీద ఉందేమో ముందే కనుక్కోండి. చలికాలమైతే కోటు విప్పకండి.