ఫ్రాన్స్ చరిత్ర చదవాలంటే ఏది మేలు: విదేశీయుల కోర్సా, యూనివర్సిటీ డిగ్రీనా?

ఫ్రాన్స్ వెళ్లి అక్కడి చరిత్ర, సమాజం చదవాలనుకునేవాళ్లకి రెండు దారులున్నాయి. ఒకటి విదేశీయుల కోసమే పెట్టిన నాగరికత కోర్సు. రెండోది ఫ్రెంచ్ పిల్లలతో కలిసి చదివే మూడేళ్ల డిగ్రీ, లీసాన్స్. నేను ఒక చిన్న ఊళ్లో ఆ కోర్సు చేసి, తర్వాత డిగ్రీలో చేరాను.

కోర్సుల్లో పేరున్నది పారిస్‌లోని పాత యూనివర్సిటీ సొర్బాన్‌ది, 1919 నుంచి నడుస్తోంది. భాషా క్లాసులతో పాటు చరిత్ర, సాహిత్యం, కళల మీద ఉపన్యాసాలుంటాయి. ఇలాంటి చోట మనం తడబడితే టీచర్ ఆగుతారు, తేలిక మాటల్లో మళ్లీ చెబుతారు. కొత్తలో అది ఎంత ధైర్యమో! కానీ మా క్లాసులో పక్కన జపాన్ అమ్మాయి, వెనక బ్రెజిల్ అబ్బాయి. ఫ్రెంచ్ మనిషి టీచర్ ఒక్కరే. పైగా నెలల లెక్కన చూస్తే ఖర్చెక్కువ, చివర్లో డిగ్రీ రాదు.

లీసాన్స్‌కి మామూలుగా బీ2 స్థాయి ఫ్రెంచ్ అడుగుతారు, అంటే భాష నేర్చుకునే ఆరు మెట్లలో నాలుగోది. ఐరోపా యూనియన్ బయటివాళ్లకి 2019లో ఏడాది ఫీజు 2,770 యూరోలు చేశారు, తర్వాత ఇంకొంచెం పెరిగింది. కొన్ని యూనివర్సిటీలు మినహాయింపు ఇస్తాయి, అప్లై చేసేముందే కనుక్కోండి.

అక్కడ అసలు చదువు టీడీల్లో, అంటే చిన్న క్లాసుల్లో జరుగుతుంది. రెండో వారమే మా చేతిలో ఒక కాగితం పెట్టారు. ఫ్రెంచ్ విప్లవం మొదలైన 1789లో ఒక ఊరి జనం రాజుకి రాయించిన ఫిర్యాదుల పత్రం. ఉప్పు పన్ను గురించి ఉంటుందని నాకు తెలుసు. పావురాల గురించి ఉంటుందని తెలీదు. దొర పావురాలు విత్తిన గింజలన్నీ ఏరుకు తినేస్తున్నాయని మొర. పావురాల గూడు పెట్టుకునే హక్కు దొరలది. ఆ ఏడాది ఆగస్టు 4 రాత్రి జాతీయ సభ రద్దు చేసిన హక్కుల్లో అదీ ఒకటి. ఈ మాటలు రైతువా, రాసిపెట్టిన లాయరువా అని క్లాసంతా గంటసేపు వాదించుకున్నారు. విప్లవం అంటే జనం ముట్టడించిన బాస్తీయ్ (బాస్టిల్) కోటే అనుకుంటూ వచ్చిన నాకు ఒక పొలం కనబడింది.

మతాన్నీ ప్రభుత్వాన్నీ విడదీసిన 1905 లౌకికవాద చట్టమూ అంతే. కోర్సులో అదొక పాఠం. డిగ్రీలో అది పక్క సీట్లో అమ్మాయికి ఇంట్లో రోజూ జరిగే గొడవ.

కష్టం లేదని చెప్పను. నా మొదటి వ్యాసానికి 20కి 6 వచ్చింది. ఇంటర్‌లో రాసినట్టు తెలిసినదంతా రాసేశాను. వాళ్లకి కావలసింది ఒక ప్రశ్న, దాని చుట్టూ వరసగా కట్టిన వాదన. అది పట్టుబడడానికి ఏడాది పట్టింది, టెన్షన్‌తో నిద్రపట్టని రాత్రులూ ఉన్నాయి.

అయినా నా ఓటు డిగ్రీకే. చేతిలో ఆరు నెలలే ఉన్నా, ఫ్రెంచ్ ఇంకా బీ2కి రాకపోయినా కోర్సు చేయండి, మంచిదే. చరిత్రే మీ చదువు అయితే మాత్రం అక్కడితో ఆగకండి.

పారిస్‌కే వెళ్లాలనీ లేదు. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది. ఫ్రెంచ్ ఇండియా కాగితాలు దక్షిణ ఫ్రాన్స్‌లో ఎక్స్-అన్-ప్రొవాన్స్ ఊళ్లోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. యూనివర్సిటీ కూడా ఆ ఊళ్లోనే ఉంది. తెలుగు చదవగలిగిన విద్యార్థి ఎవరైనా ఆ పెట్టెలు తెరిచి కూర్చోవాలని నాకు ఎంతో కోరిక.