వానాకాలంలో ఊడిరాని క్లారినెట్

నాలుగేళ్లుగా అన్నం పెట్టిన వాయిద్యాన్ని మొదటి వాక్యంలోనే తిట్టడం బాగుండదు గానీ, నా కోపమంతా ఒకే ఒక్క చోట ఉంది. క్లారినెట్ అంటే ముక్కలుగా విప్పి పెట్టెలో సర్దుకునే ఊదుడు వాయిద్యం. అందులో పై ముక్కా కింది ముక్కా కలిసే నడుం జాయింటు. మిగతా క్లారినెట్ ఎంత బుద్ధిగా ఉంటుందో ఈ జాయింటు అంత మొండిది.

వేళ్లతో నొక్కే కీలెన్ని, రింగులెన్ని అనేవి ఇది చదివేవాళ్లకి తెలిసినవే, వదిలేస్తున్నా. కంపెనీ పేరు కూడా రాయను. చెప్పబోయే గొడవ కంపెనీది కాదు, కర్రది. ఏ కంపెనీ కర్ర క్లారినెట్ కొన్నా మన సముద్రపు గాలికి ఇదే జరగొచ్చు.

మాది విశాఖపట్నం. మా బాబాయి పెళ్లిళ్ల బ్యాండులో పాత ఎబొనైట్ (గట్టి రబ్బరు) క్లారినెట్ వాయిస్తాడు, నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. ఇంటర్ అయ్యేదాకా నా చేతిలో ఉన్నది యమహా 255, ప్లాస్టిక్‌ది. చెన్నైలో పాశ్చాత్య సంగీతం చదవడానికి చేరిన మొదటి వారంలోనే మా సారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది స్కూలుకి చాలు, ఇక్కడికి కర్రది కావాలి" అన్నారు. అందరూ కలలు గనే బఫే కంపెనీ ఆర్13, 1955లో వచ్చి ఇప్పటికీ ఏలుతున్న మోడల్, మా ఇంటి లెక్కలకి ఆమడ దూరం. మిగిలింది మధ్యరకం: యమహా 450, బఫే ఈ13, ఆ తరగతివి. నాన్న పీఎఫ్ లోను పెట్టాడు. అమెరికా నుంచి వస్తున్న మా పెద్దమ్మ కూతురు ఆ తరగతిలోదే ఒకటి ఒళ్లో పెట్టుకుని తెచ్చింది.

కర్ర అంటే మామూలు కర్ర కాదు. టాంజానియా, మొజాంబిక్ వైపు పెరిగే నల్లకర్ర, నీళ్లలో వేస్తే రాయిలా మునిగే రకం. మొదటి ఏడాది నేను కనపడ్డవాడికల్లా ఒకటే పాట: "కర్రది కొనండి, నాదంలో తియ్యదనం వేరు, ప్లాస్టిక్ దగ్గర ఆగిపోకండి." ముగ్గురు జూనియర్లు నా మాట విని ఇళ్లలో పోట్లాడి మరీ కొన్నారు. అందులో ఒకడు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు. అది తర్వాత చెప్తాను.

రెండో ఏడాది కార్తీకమాసం. చెన్నైలో వాన పట్టుకుంటే అప్పుడే పట్టుకుంటుంది. మా చిన్నత్త కూతురి పెళ్లి వైజాగ్‌లో, సాయంత్రం బండికి టికెట్. అదే రోజు మధ్యాహ్నం కాలేజీలో ప్రాక్టికల్ పరీక్ష. దాని కోసం పొద్దున్నుంచీ హాస్టల్ గదిలో, తడి బట్టలు ఆరేసిన తాళ్ల మధ్య, మూడు గంటలు ఏకబిగిన వాయించాను. మధ్యలో విప్పి లోపల గుడ్డ లాగి తుడవాలి. తెలుసు. తుడవలేదు. పరీక్ష బాగానే అయింది. ఇక సర్దుకుందామని నోట్లో పెట్టుకునే మౌత్‌పీసు తీశాను, దాని కింద పొట్టి గొట్టం బారెల్ తీశాను, అడుగున గరాటులాంటి బెల్ తీశాను. నడుం దగ్గర తిప్పితే కదల్లేదు.

ఇంకాస్త గట్టిగా తిప్పాను. అరచేతికి కీల గుర్తులు పడ్డాయి గానీ జాయింటు వెంట్రుకవాసి కదల్లేదు. లోపలి తడిని కర్ర తాగి ఉబ్బేసింది. జాయింటు చుట్టూ అంటించిన కార్కు బిగువైతే గ్రీజుతో లొంగుతుంది, ఉబ్బింది కర్రే అయితే గ్రీజు ఏం చేస్తుంది? ఇంకో పిల్లాణ్ణి పిలిచి ఇద్దరం చెరో వైపు పట్టుకుని తిప్పుదామనుకున్నాం. సారు చూసి గావుకేక పెట్టారు. రెండు ముక్కల్నీ కలుపుతూ నడుం మీద ఒక బ్రిడ్జి కీ ఉంటుంది, మొరటుగా తిప్పితే ముందు వంగేది అదే. "వదిలెయ్. ఆరితే అదే వస్తుంది" అన్నారు. ఎప్పుడు ఆరుతుందో మాత్రం చెప్పలేదు.

రెండు ముక్కలూ కలిసి ఉంటే మూరెడు పొడవు. పెట్టెలో గళ్లేమో జానెడేసి. మూత పడదు. బండి టైము అవుతోంది. చివరికి లుంగీలో చుట్టి, దాని మీద తువ్వాలు చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని సెంట్రల్ స్టేషన్‌కి పరిగెత్తాను. వాన. ఖాళీ పెట్టె భుజాన, క్లారినెట్ చంకలో. చూసేవాళ్లకి నేనేమనిపించి ఉంటానో.

థర్డ్ ఏసీలో లోయర్ బెర్తు. ఎదురు బెర్తు మామ్మగారు కాసేపు ఆ మూట వైపే చూసి, "ఏంటి బాబూ అది, పాపాయా?" అన్నారు. విప్పి చూపించాను. "సన్నాయిలాంటిదండీ, విడిపోవట్లేదు" అంటే, "పెళ్లికే కదా వెళ్తున్నావు, విడిపోకపోతే మంచిదేగా" అని నవ్వి దుప్పటి కప్పుకున్నారు. నాకు నవ్వు రాలేదు. తడిసిన కర్ర మీద ఏసీ గాలి తగిలితే పగులు పడుతుందని విని ఉన్నాను. గూడూరు, నెల్లూరు, ఒంగోలు... ప్రతి స్టేషన్‌లో లేచి, రైలు లైటు కింద పై ముక్క మీద వేలుగోరుతో తడిమి చూసుకోవడం, లుంగీ మళ్లీ చుట్టడం. ఆ రాత్రి నిద్ర ఎంత పోయానంటే, టీ అమ్మేవాళ్లందరికీ నా మొహం గుర్తుండిపోయి ఉంటుంది.

తుని దాటాక, ఇక ఆశ లేదనుకుంటూ ఊరికే తిప్పాను. కిర్రుమంది. ఇంకో చిన్న తిప్పుతో చేతుల్లోకి రెండు ముక్కలుగా వచ్చేసింది, ఏమీ ఎరగనట్టు. ఏ ఏసీకి భయపడ్డానో ఆ ఏసీ గాలే రాత్రంతా ఆరబెట్టింది. పగులు లేదు. అది నా తెలివి కాదు, అదృష్టం.

ఇంట్లో అడుగు పెట్టగానే బాబాయి ఒక్కటే అన్నాడు: "ఏట్రా, నీ దొర సన్నాయికి జలుబు సేసిందేటి?"

అక్కడితో ఆగితే ఇంత కోపం ఉండేది కాదు. పెళ్లయ్యాక ఒక రిపేరు దుకాణంలో చూపించాను. ఊరు, పేరు వద్దు. జాయింటు అంచు కొంచెం గీకితే చాలని నాకే తెలుసు. అతను గరుకు కాగితం పట్టుకుని ఫోనులో మాట్లాడుతూ గీకుతూనే ఉన్నాడు. వానాకాలంలో సరిపోయింది. ఏప్రిల్ వచ్చేసరికి అదే జాయింటు లొడలొడా ఊగడం మొదలైంది. నడుం ఊగితే బ్రిడ్జి కీ కుదురుగా కూర్చోదు. రెండు చేతుల చూపుడువేళ్లతో పట్టే బి ఫ్లాట్ స్వరం ఒకసారి పలుకుతుంది, ఒకసారి గాలి ఊదుతుంది. సెమిస్టర్ కచేరీలో సరిగ్గా ఆ స్వరం దగ్గరే గాలి వచ్చింది.

బాగుచేసింది మళ్లీ బాబాయే. నూలు దారాన్ని కొవ్వొత్తి మీద రుద్ది, జాయింటు అంచున ఒత్తుగా పది పన్నెండు చుట్లు చుట్టి, గోరుతో నొక్కి, "ఎయ్యి ఇప్పుడు" అన్నాడు. వేశాను, ఊగలేదు. కార్కు లేని రోజుల్లో అందరూ చేసింది ఇదేనట. ఆ దారం ఇప్పటికీ ఉంది. వానలొస్తే రెండు చుట్లు విప్పుతాను, ఎండలొస్తే చుడతాను. నాన్న పీఎఫ్ లోను పెట్టి కొన్న వాయిద్యం రూపాయి దారం మీద నడుస్తోంది.

ఇక ఆ జూనియరు సంగతి. కర్ర క్లారినెట్‌తో పాటే నేను వాండొరెన్ బి45 మౌత్‌పీసు కూడా కొన్నాను. నాదం మారిందంటే కర్ర మహిమేనని చాటింపు వేశాను గానీ, మౌత్‌పీసు మారిన సంగతి ఎవరికీ చెప్పలేదు, నాకే తట్టలేదు. మూడో ఏడాది వాడొకసారి నా మౌత్‌పీసు తీసి నా పాత యమహాకి పెట్టి, నన్ను గోడవైపు తిరగమని, రెండూ మార్చి మార్చి వాయించాడు. పదిసార్లలో నాలుగుసార్లు తప్పు చెప్పాను. కింది స్వరాలు, ముఖ్యంగా నెమ్మదిగా వాయించేటప్పుడు, కర్రదానిలో నిండుగా ఉంటాయని ఇప్పటికీ అంటాను. గట్టిగా అనను. తేడాలో పెద్ద భాగం మౌత్‌పీసుదీ, దానికి బిగించే పల్చటి బద్ద రీడుదీ అని ఒప్పుకుంటాను. వాడు మాత్రం "అన్నా, మా నాన్న బండి అమ్మాడు" అని ఇంకా గుర్తుచేస్తూనే ఉన్నాడు.

ఒక మంచి మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. పై స్వరాల వరసలోకి దాటే చోట, ప్లాస్టిక్‌దానిలో కాస్త తడబడే స్వరాలు ఇందులో నీళ్లలా వెళ్తాయి. శ్రుతి కూడా దానికంటే నిలకడ. కాకపోతే చెన్నై మే నెల మధ్యాహ్నం ఏ క్లారినెట్ అయినా శ్రుతి పైకి పాకుతుంది. బారెల్‌ని బయటికి లాగితే కిందికి వస్తుంది, కానీ బారెల్‌కి దగ్గరగా ఉన్న మధ్య స్వరాలు మిగతావాటికన్నా ఎక్కువ జారిపోతాయి. అందుకే 66 మిల్లీమీటర్ల బారెల్‌తో పాటు, అంతగా లాగే పని లేకుండా, 67ది ఒకటి సంపాదించాను. వైజాగ్‌లో వారం ఉంటే కీల కింద సూది స్ప్రింగులకి తుప్పు చుక్కలు పడతాయి. ఉప్పుగాలి కదా, దానికి ప్లాస్టిక్, కర్ర తేడా లేదు.

కొనాలా అంటే, మీ ఊరేదో చెప్పండి ముందు. ఏసీ ప్రాక్టీసు గది ఉండి, వాయిద్యం ఆ గది దాటి పెద్దగా కదలకపోతే కర్రదే కొనండి, నా కథ మీకు పట్టదు. నాలా హాస్టల్ గదికీ సముద్రపు ఒడ్డు ఇంటికీ మధ్య రైళ్లలో తిరిగేవాళ్లయితే ముందు మంచి మౌత్‌పీసు కొని పాత ప్లాస్టిక్‌దానితో ఒక ఏడాది లాగండి. నల్లకర్ర పొడినీ కార్బన్ ఫైబర్‌నీ కలిపి చేసే బఫే గ్రీన్‌లైన్ మా సీనియర్ ఒకావిడ దగ్గర ఉంది, తడికి చలించదు. ధర వింటే నేను చలించాను. మా సారు మాత్రం ఇప్పటికీ కర్రే అంటారు, ఆయన చెవి నాకంటే చాలా పెద్దది. ఆయనకి పెళ్లిళ్లకి రైలెక్కే పని లేదు, అదొక్కటే తేడా.

వచ్చే నెల మా అన్నయ్య పెళ్లి, బాబాయి బ్యాండులో నేనూ నిలబడాలట. పందిరి కింద, ఆరుబయట. పాత యమహాకి కొత్త ప్యాడ్లు వేయించాను.