గోల్ఫ్ మణికట్టు క్లాంపు: నాలుగు నెలలు వాడిన తర్వాత

ముప్ఫై ఏళ్లు క్లబ్ క్రికెట్ ఆడాను. అజారుద్దీన్, లక్ష్మణ్‌ల బ్యాటింగ్ చూస్తూ హైదరాబాద్‌లో పెరిగినవాడికి మణికట్టే సర్వస్వం అనిపించడం సహజం. యాభై దాటాక గోల్కొండ పక్కన నయాఖిలా కోర్సులో గోల్ఫ్ మొదలుపెడితే ఆ మణికట్టే నాకు అడ్డం తిరిగింది. సెవెన్ ఐరన్ అనే గోల్ఫ్ కర్రతో పది బంతులు కొడితే ఏడు కుడివైపుకు వంగిపోయేవి. సరిదిద్దుదామని చివర్లో చెయ్యి గట్టిగా తిప్పితే ఎడమ పొదల్లో పడేవి. అందుకే ఆన్‌లైన్‌లో తొమ్మిది వందలు పెట్టి ఈ క్లాంపు తెప్పించాను.

క్లబ్ (గోల్ఫ్ కర్ర) పట్టుకునే గ్రిప్ మీద కుడిచేతికి కిందుగా బిగించే ప్లాస్టిక్ క్లాంపు, దాని నుంచి పైకి సాగే కాడ, కాడ చివర అర్ధచంద్రాకారపు దొప్ప. అంతే వస్తువు. క్లబ్‌ను వెనక్కి తీసుకుంటూ, సుత్తి ఎత్తినట్టు ఎడమ మణికట్టును బొటనవేలి వైపు మడిస్తే దొప్ప వచ్చి ఎడమ ముంజేతి మీద కూర్చుంటుంది. మణికట్టు చేతి వెనుక వైపుకు వంగి గుంటపడితే దొప్ప ముంజేతి అంచు నుంచి జారిపోతుంది. ఆ గుంటతోనే క్లబ్ ముఖం, అంటే బంతిని తాకే వైపు, కుడికి తెరుచుకుంటుంది. కుడిచేతివాటం వాళ్ల బంతి కుడికి తిరగడానికి పెద్ద కారణం అదే. నాకు ఇన్నాళ్లూ ఎవరెన్ని మాటల్లో చెప్పినా ఎక్కనిది, మేడ మీద మొదటి సాయంత్రమే ముంజేతికి తగిలి అర్థమైంది.

అసలు విలువ మాత్రం కిందికి దిగేటప్పుడు తెలిసింది. చేతులు కుడి తొడ దగ్గరికి వచ్చేదాకా దొప్ప ముంజేతిని అంటుకునే ఉండాలి. నాది భుజం ఎత్తులోనే టక్కున ఊడిపోయేది. కుడిచేయి ముందే తోసేస్తోందన్నమాట. గాలం విసిరినట్టు ఉంటుంది కాబట్టి దీన్ని కాస్టింగ్ అంటారు. దాచుకోవలసిన వేగమంతా బంతిని చేరకముందే ఖర్చయిపోతుంది. రోజూ ఇరవై నిమిషాలు, బంతి లేకుండా, ఆ టక్కుమనే చోటును కిందికి దించడమే పనిగా పెట్టుకున్నాను. బంతితో అయితే సగం స్వింగే చెయ్యండి. పూర్తి స్వింగులో బంతి దాటాక కాడ ముంజేతికి గట్టిగా తగులుతుంది.

ఇక లోపాలు. ఎడమ మోచేయి మడిచినా దొప్ప చక్కగా కూర్చుంటుంది! మూడు వారాలు నేను సంతోషంగా ఆ తప్పునే సాధన చేశాను. మా కోచ్ చూసి, రెండు చంకల్లో తువ్వాలు ఇరికించి సగం స్వింగులు చేయించారు. చేతులు ఒంటిని వదిలి ఎగిరితే తువ్వాలు కిందపడుతుంది. ఇంకొకటి, బంతిని తాకే క్షణంలో మణికట్టు ఎలా ఉందో ఈ సాధనంతో తెలియదు. చేటతో చెరిగినట్టు బంతిని పైకి లేపబోయే అలవాటున్నవాళ్లు పదిహేను సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలును ఎడమచేతి గడియారం పట్టీ కిందనుంచి చేతి వెనుకకు దోపి, మెల్లగా చిప్ చేసి, అంటే బంతిని దగ్గరికి చిన్నగా లేపి కొట్టి చూడండి. మణికట్టు కూలిన మరుక్షణం స్కేలు చేతి వెనుక గుచ్చుకుంటుంది.

పైగా అందరి మణికట్టూ చదునుగానే ఉండాలన్నట్టు దీన్ని చేశారు. పాత తరం అమెరికన్ గోల్ఫ్ దిగ్గజం బెన్ హోగన్ హుక్ (బంతి ఎడమకు బాగా వంగిపోవడం) తప్పించుకోవడానికి స్వింగ్ పైభాగంలో ఎడమ మణికట్టును కావాలనే గుంటపరిచేవాడు. 1955లో లైఫ్ పత్రికలో ఆయనే ఆ రహస్యం చెప్పాడు. ఈ తరం అమెరికన్ గోల్ఫర్ డస్టిన్ జాన్సన్‌ది దానికి పూర్తి విరుద్ధం, అరచేతి వైపుకు వంచేస్తాడు. క్లబ్‌ను ఎలా పట్టుకుంటారన్నదాన్ని బట్టి మణికట్టు లెక్క మారుతుంది. ఎడమచేతిని బాగా కుడివైపుకు తిప్పి పట్టుకునేవాళ్లకు కొద్దిపాటి గుంట సహజమే. అలాంటివాళ్లు ఇది కొనకండి, మీ మంచి స్వింగ్ చెడుతుంది.

నాణ్యత అంతంతమాత్రం. మూడో వారానికి స్క్రూ వదులై క్లాంపు గ్రిప్ మీద తిరగసాగింది. అమ్మినవాళ్లకు రెండుసార్లు రాసినా బదులు రాలేదు. సైకిలు ట్యూబు ముక్క లోపల చుట్టి బిగించాను, అప్పటి నుంచి కదల్లేదు. దానితో వచ్చిన కాగితంలో నాలుగు బొమ్మలు తప్ప ఒక్క మాట వివరణ లేదు.

రౌండ్‌కు వెళ్లే ముందు మరిచిపోకుండా విప్పెయ్యండి. బ్యాగులో ఉంటే తప్పులేదు. రౌండ్ మధ్యలో దానితో ఒక్కసారి స్వింగ్ చేసినా గోల్ఫ్ నియమావళి 4.3 నిబంధన కింద స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కించే ఆటలో) రెండు స్ట్రోకుల పెనాల్టీ పడుతుంది, మళ్లీ చేస్తే అనర్హత.

ఐదుకు మూడున్నర ఇస్తాను. కాస్టింగ్ మీ జబ్బయితే ధైర్యంగా కొనండి. కుడికి వంగే నా బంతులు పదిలో మూడుకు తగ్గాయి. దొప్ప ఊడే చోటు ఇప్పుడు నడుము ఎత్తుకు దిగింది. తొడ దాకా ఇంకో జానెడు తేవాలి.