తప్పు చేసిన రాజు కథ: దశరథుడా, ధృతరాష్ట్రుడా?

రాత్రి పిల్లలకు తప్పు చేసిన రాజు కథ చెప్పాలంటే మా ఇంట్లో ఈ ఇద్దరి దగ్గరే ఆగుతాం.

పట్టే సమయం: దశరథుడిది ఒక్క రాత్రిలో అయిపోతుంది. ధృతరాష్ట్రుడికి వారం కావాలి.

తప్పు: దశరథుడు చీకట్లో కుండ నిండుతున్న చప్పుడు విని, ఏనుగనుకుని బాణం వేశాడు. తగిలింది ముని కుమారుడికి. తర్వాత కైకేయికిచ్చిన మాట మెడకు చుట్టుకుంది.
ధృతరాష్ట్రుడిది పొరపాటు కాదు. జూదం జరుగుతుంటే "గెలిచామా? గెలిచామా?" అని ఆత్రంగా అడిగాడు. ద్రౌపదికి వరాలిచ్చి పాండవులను పంపేశాక, కొడుకు మాట విని మళ్లీ జూదానికి పిలిపించాడు. యుద్ధానికి ముందు, పాండవుల రాజ్యం వాళ్లకిచ్చేయమని విదురుడు రాత్రంతా చెబితే సరేనన్నాడు. దుర్యోధనుడు ఎదురైతే మనసు మారిపోతుందని తనే ఒప్పుకున్నాడు! నాకైతే ఇదే అసలు లోపం.

రిస్క్: దశరథుడి దగ్గర ఏడుపులు. ధృతరాష్ట్రుడి దగ్గర "కళ్లు లేవు కదా, పాపం" అంటారు. ఇనుప భీముణ్ణి కౌగిట్లో నుగ్గు చేసింది చెబితే ఆ జాలి కాస్త తగ్గుతుంది. ధృతరాష్ట్ర కౌగిలి అనే మాట అక్కడిదే.

ఆరేడేళ్ల పిల్లలైతే దశరథుడు. అమ్మానాన్న ఎవరిని వెనకేసుకొస్తున్నారో లెక్కపెట్టే వయసొస్తే ధృతరాష్ట్రుడు.